ఎదుటి గట్టు తాళంచెవి

గుమ్మఘట్ట,
జనవరి 18, 2026.

సువార్తకు అవ్వ రాస్తున్నది.

నిన్న నీ ఫోను వచ్చింది. "బాగున్నా అవ్వా, బాగా తింటాండా, పని బాగుంది" అన్నావు. పరాయి దేశానికి పోయిన పిల్లకు అన్నీ అంత బాగుంటాయా? హెడ్మిస్ట్రెస్ కుర్చీలో కూర్చున్నన్నాళ్ళూ, అంతా బాగుందన్న పిల్లనే నేను ముందు దగ్గరికి పిలిచి చూసేదాన్ని. ఫోనులో ఎవరైనా బాగానే ఉంటారు. కాబట్టి కాగితం మీద రాయి. రాసి ఫొటో తీసి పంపు. నేనూ అలాగే పంపుతున్నాను, చూశావుగా. ఫొటో వంకరగా వస్తే సర్దుకో.

నీ పనేమిటో నాకు సరిగ్గా తెలియదు. చర్చిలో అడిగితే "గంగ నీళ్ళు కొలవడానికి బంగ్లాదేశ్ పోయింది" అని చెప్పాను. ఆ మాట గట్టు దాటి పక్క తోట శివప్ప చెవిన పడింది. మొన్న తన దానిమ్మ చెట్ల మధ్య నిలబడి అరిచాడు. "ఏం టీచరమ్మా, మీ పాప గంగను కొలిచేకి పోయిందంట? ఈడ మన బోర్లలో గంగ యాడ దాక్కుందో కొలిచేవాళ్ళు లేరు గానీ!"

నేను నా పాదులు చూసుకుంటూ పోయాను. గట్టుకు అవతల కర్ణాటక, ఇవతల ఆంధ్ర. ఆయన రాష్ట్రం ఆయనది.

మన దేశం అమ్మాయి వాళ్ళ దేశంలో కూర్చుని నీళ్ళు కొలవడమేమిటి? వాళ్ళు ఎందుకు కొలవనిస్తారు? వివరంగా రాయి. చీనీ తోట (నీ పుస్తకాల బత్తాయి) పూత మీద ఉంది. ఇంతకు మించి ఇక్కడి సంగతులేమీ లేవు.

మీ అవ్వ,
రూతమ్మ.


పాక్సీ, బంగ్లాదేశ్,
ఫిబ్రవరి 3.

అవ్వకు సువార్త నమస్కారాలు.

ఇది పద్మ నది ఒడ్డు. మన గంగే, సరిహద్దు దాటాక పేరు మారింది. మా క్వార్టర్స్ కిటికీలోంచి బ్రిటిష్‌వాళ్ళ కాలం నాటి పాత ఇనుప రైలు వంతెన కనిపిస్తుంది. గుత్తిలో రైల్వే పని చేసే నాయన చూస్తే దానికింద నుంచి కదలడు. ఈ కాలంలో దాని స్తంభాల్లో చాలావరకు ఇసుకలోనే నిలబడి ఉంటాయి.

పని ఇది. జనవరి నుంచి మే దాకా, నీళ్ళు తక్కువ ఉండే కాలంలో, రెండు దేశాలూ నదిని పంచుకోవాలని ఒప్పందం ఉంది. పైన ఫరక్కా దగ్గర మనవాళ్ళు ఎన్ని నీళ్ళు వదిలారో వీళ్ళకు నమ్మకం కుదరాలి. వదిలినవి ఇక్కడికి చేరాయో లేదో మనకు తెలియాలి. అందుకని వాళ్ళ ఇంజనీర్లు ఫరక్కాలో మనవాళ్ళ పక్కన కూర్చుంటారు, మేము ఇక్కడ వీళ్ళ పక్కన కూర్చుంటాం. రోజూ ఒకే పడవలో వెళ్ళి, నీటి వేగం కొలిచే ఒకే మీటరును నీళ్ళలోకి దించి, లెక్క ఇద్దరం వేరువేరుగా రాసుకుంటాం. రెండూ కలిస్తేనే సంతకాలు.

నాతో పడవలో వచ్చే ఆమె పేరు షాహానా. నాకంటే పెద్దది, ఆపా అని, అంటే అక్కా అని పిలుస్తాను. ఆమె హిందీ అంతంత మాత్రం, నాది అంతకన్నా అధ్వాన్నం. అంకెల దగ్గర మాత్రం ఇద్దరికీ భాష సరిపోతుంది.

మొదటి వారంలోనే మా లెక్కలు కలవలేదు. నాదే సరైనదని పట్టుబట్టాను. ఆమె ఏదో తగ్గించి రాసిందని కూడా అనుకున్నాను అవ్వా, నీ దగ్గర దాచడమెందుకు. ఆమె వాదించలేదు. పడవవాడికి చెయ్యి ఊపి వెనక్కి తిప్పించింది. మళ్ళీ దించాం. పైకి తీసి చూస్తే మీటరు రెక్కకు నాచు చుట్టుకుని ఉంది. అది ఆగి ఆగి తిరుగుతుంటే, ఎవరు చూసినప్పుడు ఎంతుందో వాళ్ళు అంతే రాసుకున్నాం. నా లెక్కా తప్పే, ఆమెదీ తప్పే. నాచు తీసి చేతిలో పెట్టుకుని ఆమె పడీపడీ నవ్వింది.

నువ్వు "ఇంతకు మించి సంగతులేమీ లేవు" అని రాశావు. బడిలో నీ పద్ధతే నేనూ నేర్చుకున్నాను. ఏమైంది?

నీ సువార్త.


గుమ్మఘట్ట,
ఫిబ్రవరి 14.

సువార్తకు,

నీ ఉత్తరంలో రెండు చోట్ల ఒత్తులు లేవు. ఇంగ్లీషు చదువు చదివితే తెలుగు ఒత్తులు రాలిపోవాలని లేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. బోరు పోయేలా ఉంది. పొద్దున మోటారు వేస్తే కాసేపు నీళ్ళు, తర్వాత గాలి. పైపు ముసలివాడిలా దగ్గుతుంది. చెట్లు నిండా పూతతో ఉన్నాయి. ఇప్పుడు తడి అందకపోతే పూత, పిందె రెండూ పోతాయి. ఎండలు ముదిరేదాకా ఇదే తీరైతే చెట్లే పోతాయి. ఆ చెట్లు మీ తాత నాటినవి. కావడితో నీళ్ళు మోసి బతికించాడు. నేను బడి నుంచి వచ్చి ఆయన కావడి అందుకునేదాన్ని. అవి నా కళ్ళ ముందు ఎండితే చూడలేను.

కారణం శివప్ప. నా బోరుకూ ఆయన బోరుకూ మధ్య ఉన్నది ఆ గట్టే. కరెంటు వాళ్ళ రాష్ట్రంలో ఒక వేళకు వస్తుంది, మనకు ఇంకో వేళకు. మాకు వచ్చేసరికి ఆయన మోటారు అడుగంటా తాగేసి ఉంటుంది. అడిగితే, "నువ్వే ముందు తాగేస్తాండావు" అని నా మీదికే వస్తాడు.

కళ్యాణదుర్గంలో రిగ్గు లారీవాడికి చెప్పి వచ్చాను. ఇంకా లోతుకు కొత్త బోరు వేయిస్తున్నాను. రెండు దేశాల సంగతి వేరు, శివప్ప సంగతి వేరు. కాబట్టి నాకు పడవలూ నాచులూ చెప్పవద్దు.

మీ అవ్వ.


పాక్సీ,
మార్చి 9.

అవ్వా,

ఆలస్యమైంది, కోప్పడకు. పని ఎక్కువైంది.

బోరు వేయించవద్దని నేను చెప్పను. అది నీ తోట, నీ ఇష్టం. ఇక్కడ చూసింది మాత్రం రాస్తాను.

ఇక్కడ టీ అంగడి దగ్గర ఒక పెద్దాయన రోజూ కూర్చుంటాడు. ఒకప్పుడు చేపలు పట్టేవాడట. ఇప్పుడు ఆయన పడవ ఇసుకలో బోర్లించి ఉంది. నేను ఎక్కడి నుంచి వచ్చానో తెలిశాక, "మా నీళ్ళు మీ దగ్గర పెట్టుకుని మళ్ళీ కొలవడానికి వచ్చావా బిడ్డా?" అన్నాడు. తిట్టలేదు. టీ తాగమని కూడా అన్నాడు. నేను ఆ టీ అక్కడే వదిలి వచ్చాను. ఫరక్కాలో మనవాళ్ళను అడిగితే, నీళ్ళు తగ్గి మా వైపూ మేట వేస్తోందని చెబుతారు. ఎవరి మాటా అబద్ధం కాదు. ఉన్న నీళ్ళే తక్కువ.

ఈ ఒప్పందంలో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. మరీ కరువు వేళ, అంటే ఇప్పటి నుంచి మే రెండో వారం దాకా, పది రోజులు వీళ్ళకు ఇన్ని నీళ్ళు తప్పకుండా దక్కాలి. తర్వాత పది రోజులు మనకు తప్పకుండా దక్కాలి. మళ్ళీ వీళ్ళకు. అలా వంతులు. ఎవరికీ కడుపు నిండదు. కానీ తన వంతు ఎప్పుడో ఇద్దరికీ తెలుసు. ఆ పది రోజులూ ఎదుటివాడు గేటు ముట్టడని తెలుసు, ఎందుకంటే గేటు పక్కన తన మనిషి కూర్చుని ఉంటాడు.

ఇంతే. చీనీ చెట్టుకు ఎండాకాలంలో ఎన్ని రోజులకొక తడి ఇవ్వాలో నువ్వే నాకు నేర్పావు.

సువార్త.


గుమ్మఘట్ట,
మార్చి 22.

సువార్తకు,

ముందు ఒక ప్రశ్న. పోయిన ఉత్తరంలో నీ వరసలు కుడివైపుకు పోయేకొద్దీ కిందికి జారాయి. నువ్వు రెండో తరగతిలో తట్టు పోసినప్పుడు కూడా పలక మీద ఇలాగే రాశావు. పని ఎక్కువైతే అక్షరం వంకర పోతుంది, కిందికి జారదు. ఏం దాస్తున్నావు?

ఇక ఇక్కడి సంగతి. రిగ్గు లారీ రావాల్సిన రోజుకు ముందు శివప్ప గట్టు మీదికి వచ్చాడు.

"ఏం టీచరమ్మా, రిగ్గుకు చెప్పినావంట?"

"నువ్వు చెప్పలేదా?"

"నేనూ చెప్పినా. నువ్వు ఎంత లోతు పోతావో, దానికంటే నూరడుగులు ఎక్కువ పోదామని."

"అట్లయితే నేను ఇంకో నూరు పోతా."

"పో. పోతాపోతా ఇద్దరం పాతాళంలోనే కలుసుకుందాం లే."

నాకు నవ్వు వచ్చింది. ఆయన ముందు నవ్వకూడదని చెట్టు వైపు తిరిగాను. చెట్టు ఆకులు దోనెల్లా ముడుచుకుని ఉన్నాయి. అప్పుడు నీ నాచు గుర్తొచ్చింది. వద్దని నేనే రాశాను, అయినా గుర్తొచ్చింది.

"శివప్పా, నువ్వు వచ్చి నా బోరు దగ్గర కూర్చో. నేను పోయి నీ బోరు దగ్గర కూర్చుంటా. ఎవరు ఎవరి నీళ్ళు తాగుతాండారో చూద్దాం" అన్నాను.

ఆయన "మీ పాప చెప్పిందా?" అని అడిగాడు. అవునన్నాను. "అట్లయితే కూర్చుంటా. నువ్వు చెప్పింటే కూర్చునేవాణ్ణి కాదు" అన్నాడు.

రెండు వైపులా కరెంటు ఉన్న కాసేపట్లో రెండు మోటార్లూ కలిసి వేస్తే రెండు పైపులూ గాలి కక్కాయి. ఆయనది ఆపితే నాది నిండుగా పోసింది. నాది ఆపితే ఆయనది. ఒకే కుండలో ఇద్దరం ముంతలు ముంచుతూ, కుండ ఖాళీ అవుతోందని ఒకరినొకరు తిట్టుకుంటున్నామన్నమాట. ఇన్నేళ్ళూ ఆయన నా నీళ్ళు దొంగిలించలేదు. నేనూ ఆయనవి దొంగిలించలేదు. ఇది తేలడానికి ఒక్క పూట పట్టింది.

పది రోజులు ఆయన వంతు, పది రోజులు నా వంతు అనుకున్నాం. కానీ మాట నమ్మడమెలా? ఇద్దరికీ ఆ అనుమానం ఉంది, ఇద్దరమూ పైకి అన్నాం కూడా. ఆయన కోడలు చౌడేశ్వరి దారి చెప్పింది. "స్టార్టర్ పెట్టెలకు తాళాలు ఏసుకోండి. ఎవరి వంతు కాదో వాళ్ళ తాళంచెవి ఎదుటోళ్ళ ఇంట్లో ఉండల్ల. అంతే కదా, దీనికింత జగడమా?" అంది. ఆ పిల్ల నా బడిలో చదివి ఉంటే బాగుండేది.

రిగ్గు లారీలు రెండూ వద్దన్నాం. మొదటి వంతు నాకు వచ్చింది. శివప్ప తాళంచెవి మన వంటింటి మేకుకు వేలాడుతోంది. బయటి వైపు నుంచి కూడా కనబడుతుంది. కనబడాలనే అక్కడ పెట్టాను.

అవతలి దేశం ఆమెకు నా తరఫున చెప్పు, నాచు సంగతి మాకు పనికొచ్చిందని.

మీ అవ్వ.


పాక్సీ,
ఏప్రిల్ 6.

అవ్వా,

పలక దాకా పోతావనుకోలేదు. జ్వరం వచ్చింది. టైఫాయిడ్ అన్నారు. ఇప్పుడు తగ్గింది, అన్నం తింటున్నాను. నువ్వు భయపడతావని రాయలేదు.

షాహానా ఆపా సంగతి రాయాలి. జ్వరం ఎక్కువగా ఉన్న రోజు మా సీనియర్ పని మీద ఢాకా వెళ్ళారు. మన వైపు నుంచి నేనొక్కదాన్నే మిగిలాను. ఆపా ఒక్కతే పోయి కొలిచి, నా లెక్క కూడా తనే రాసి తెస్తే నేను సంతకం పెట్టేదాన్ని. ఎవరికీ తెలిసేది కాదు. ఆమె మా గుమ్మం దగ్గరికి వచ్చి, "నీ కళ్ళతో నువ్వు చూడాలి. రేపు ఎవరైనా అడిగితే నువ్వు మీ దేశానికి ఏం చెబుతావు?" అంది. భుజం పట్టుకుని పడవ దాకా నడిపించింది. నేను అంకెలు చదువుతున్నంతసేపూ నాకు గొడుగు పట్టుకుని నిలబడింది. ఆమె మాత్రం ఎండలోనే ఉంది.

తర్వాత వాళ్ళింటికి తీసుకుపోయింది. వాళ్ళమ్మ నా నుదుటి మీద తడిగుడ్డ మార్చుతూ కూర్చుంది. ఉప్పూ నిమ్మరసం వేసిన గంజి తాగించింది. ఆమె మాట్లాడింది నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కానీ నేను మందు మింగనప్పుడు నువ్వు ఎలా గద్దిస్తావో, ఆమె గొంతు అచ్చం అలాగే ఉంది. అందుకని మింగేశాను.

నీ తాళాల సంగతి వాళ్ళకు చెప్పాను. ఆపా నవ్వింది. వాళ్ళమ్మ నవ్వలేదు. "ఆ చెట్లు బతుకుతాయా?" అని అడిగింది. రాయి అవ్వా, ఆమెకు చెప్పాలి.

సువార్త.


గుమ్మఘట్ట,
ఏప్రిల్ 25.

సువార్తకు,

నీ ఉత్తరం చేరింది. నువ్వు దాచినందుకు కోపం ఉంది. అది నువ్వు వచ్చాక చూసుకుందాం. ఆ తల్లి చేతికి నా చేతులు రెండూ ఆనించి చెప్పాల్సిన మాట ఈ ఉత్తరంలో పట్టదు. ప్రార్థనలో ఆమెను తలుస్తున్నాను. పేరు తెలియక "షాహానా వాళ్ళమ్మ" అని చెప్పుకుంటున్నాను. దేవుడికి అర్థమవుతుంది. అయినా పేరు కనుక్కుని రాయి.

చెట్ల సంగతి అడిగిందన్నావు కదా. విను.

మొదటి వంతులు బాగానే జరిగాయి. ఈ నెల నా వంతు వచ్చేసరికి నా బోరు పూర్తిగా గాలి పట్టింది. శివప్ప మోటారు ఆగే ఉంది, తాళంచెవి నా మేకుకే ఉంది. అయినా చుక్క రాలేదు. ఆయన బోరు నాకంటే లోతు. కుండలో అడుగున మిగిలింది నా ముంతకు అందడం లేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే అడుక్కున్నట్టు ఉంటుంది. ఒప్పందంలో నా వంతు నాకుంది, నీళ్ళు రాకపోతే ఆయనేం చేస్తాడు? పిందె రాలడం మొదలైంది. పొద్దున్నే పోయి, రాలినవి ఊడ్చి పక్కన పోసేదాన్ని, ఎవరూ చూడకుండా.

అలాంటి రోజు శివప్ప గుమ్మం ముందుకు వచ్చాడు.

"టీచరమ్మా, నా తాళంచెవి ఇయ్యి."

"వంతు ఎవరిది?"

"నీదే."

"మరి?"

"ఒక్క పూట పని ఉండాది."

"పనుంటే నీ వంతులో చేసుకో. నేను నీ వంతులో వచ్చి అడిగినానా?"

ఆయన చెప్పు కాలితో నేల గీశాడు. "నువ్వు మారేదానివి కాదు లేమ్మా" అని వెళ్ళిపోయాడు. నేను సరిగ్గానే చేశాననుకున్నాను. నా చెట్లు ఎండుతుంటే ఈయనకు నా వంతులో నీళ్ళు కావాల్సి వచ్చాయా అని లోపల ఉడికిపోయాను కూడా.

కాసేపటికి చౌడేశ్వరి వచ్చింది. కొంగు నడుముకు దోపుకుని ఉంది.

"ఏమమ్మా, మా మామను బడిపిల్లోని మాదిరి నిలబెట్టి పంపిస్తివంట?"

"వంతు కాని రోజు అడిగితే ఏం చెయ్యల్ల?"

"వంతంట, వంతు! నీ మోటారు గాలి పీకేది మాకు ఇనపడదనుకుంటివా? గట్టుకు ఈ పక్కనే కదా మేముండేది. తెల్లారినప్పటి నుంచి ఆయప్ప పైపులు అతికిస్తాండాడు, గట్టు మీదుగా నీ తోటకి. పోయి చూడు. చూసి మాట్లాడు."

తాళంచెవి తీసుకుని పోయాను. పైపు గట్టు దాటి మన మొదటి వరస దాకా వచ్చి ఉంది. శివప్ప దాని పక్కన కూర్చుని బీడీ తాగుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"శివప్పా, నీ తోటకు చాలవే ఈ నీళ్ళు" అన్నాను.

"వంతు నీది కదమ్మా" అన్నాడు. "నీళ్ళు నా బోర్లో వస్తే మాత్రం వంతు మారతాదా?"

థాంక్స్ చెప్పడం బడిలో ఎందరికో నేర్పాను. ఆ గట్టు మీద అది నా నోట రాలేదు. తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. కరెంటు వాళ్ళ వేళకు వచ్చింది. కర్ణాటక కరెంటుతో వచ్చిన నీళ్ళు ఆంధ్ర చెట్ల పాదుల్లోకి పారాయి. నేను ప్రతి పాదు దగ్గరా నిలబడి, అది నిండేదాకా చూశాను.

మర్నాడు బొరుగులతో ఉగ్గాని, బజ్జీలు చేసి పంపాను. గిన్నె తిరిగొచ్చింది, దాంతో కబురు కూడా వచ్చింది. "ఉప్పు తక్కువైందని టీచరమ్మకు చెప్పు" అన్నాడట. సరే, రాసుకున్నాను.

మిగిలిన నా వంతంతా ఆయన బోరే నా చెట్లకు నీళ్ళిచ్చింది, తాళంచెవి రోజూ నా మేకుకే తిరిగొచ్చింది. ఆకులు విచ్చుకున్నాయి. షాహానా వాళ్ళమ్మకు చెప్పు, బతుకుతాయి.

మీ అవ్వ.


పాక్సీ,
మే 31.

అవ్వా,

ఈ రోజు ఆఖరి కొలత. పైన ఎక్కడో వానలు పడ్డట్టున్నాయి, నీళ్ళ రంగు మారింది. ఇద్దరి లెక్కలూ కలిశాయి, సంతకాలు పెట్టాం. ఆపా మీటరును పెట్టెలో పెట్టే ముందు చాలాసేపు తుడిచింది.

ఈ ఒప్పందం గడువు ఈ ఏడాది చివరికి అయిపోతుంది. మళ్ళీ రాసుకుంటారో, ఎలా రాసుకుంటారో మాకు తెలియదు. అది పెద్దవాళ్ళ పని. జనవరిలో ఈ పడవలో ఎవరుంటారో అని నేనన్నాను. "ఎవరున్నా నాచు చూసుకోమని చెబుదాం" అంది ఆపా.

టీ అంగడి పెద్దాయన దగ్గరికి పోయి, వెళ్ళొస్తానని చెప్పాను. నీ శివప్ప కథ ఆయనకు ఎలాగోలా చెప్పాను, ఆపా సాయం చేసింది. వినీ వినీ, "ఆ శివప్పను మా వైపు పంపు, మీ వైపు కూడా పంపు" అన్నాడు. ఈసారి ఆయనిచ్చిన టీ తాగాను.

వాళ్ళమ్మ పేరు మరియమ్ బేగం. నువ్వు పేరు పెట్టి ప్రార్థన చేస్తానన్నావని చెబితే, తను కూడా నీ పేరు అడిగి, రెండుసార్లు పలికి చూసుకుంది.

పదో తేదీ గుంతకల్లులో దిగుతాను.

సువార్త.


గుమ్మఘట్ట,
జూన్ 6.

సువార్తకు,

నువ్వు బయలుదేరే లోపు ఇది నీకు చేరాలి, మరియమ్ బేగం గారికి నువ్వే చదివి వినిపించాలి. అందుకని తొందరగా రాస్తున్నాను.

అమ్మా, మీ చల్లని చేతి వల్ల నా మనవరాలు లేచి తిరుగుతోంది. మీ అమ్మాయి నాచు నా చెట్లను బతికించింది. రాలింది పోగా మిగిలిన కాయలు నిమ్మకాయంత అయ్యాయి. మీ ఊరికి పంపడం నాకు తెలియదు, దారిలో కుళ్ళిపోతాయంటున్నారు. ఎప్పుడైనా ఈ వైపు వస్తే, చెట్టు దగ్గర కూర్చుని మీరే కోసుకోవాలి.

ఇది ఆమెకు. మిగిలింది నీకు.

మొన్న వాన పడింది. వేదవతిలో ఎర్రనీళ్ళు కనబడ్డాయి. కరువు వేళకని పెట్టుకున్న వంతులు తీరాయి కాబట్టి, శివప్ప తాళంచెవి పట్టుకుని గట్టు దాటి పోయాను. నేను ఆ గట్టు దాటి ఆయన ఇంటికి పోవడం చాలా ఏళ్ళ తర్వాత. చౌడేశ్వరి పీట వేసింది. వాళ్ళ గోడకు మేకు, మేకుకు నా తాళంచెవి. నా బోరు ఎండాక నేను దాన్ని తెచ్చుకోనే లేదు.

"ఇదో, నీది తీసుకో" అన్నాను.

శివప్ప చెయ్యి చాపలేదు. "ఉండనీ టీచరమ్మా. మళ్ళీ ఎండాకాలం రాదా? ఊరికే అటూ ఇటూ మోసేదెందుకు?"

"నీ మోటారు నువ్వు వేసుకోవద్దా?"

"వేసుకోవల్లంటే వచ్చి అడుగుతా. నువ్వు వంతు ఎవరిది అంటావు. నాదే అంటా. పోయినసారి నీదే అని ఎనక్కి పోతి కదా."

చౌడేశ్వరి నవ్వుతూ లోపలికి పోయింది. నేను తాళంచెవి కొంగున కట్టుకుని వచ్చి మళ్ళీ మేకుకు తగిలించాను. ఈసారి లోపలి వైపు తగిలించాను. బయటికి కనబడనక్కర్లేదు.

ఉగ్గాని మళ్ళీ చేసి పంపాను, ఉప్పు చూసి వేశాను. కబురేమీ రాలేదు. బాగుందన్నమాట.

నీ ఆఖరి ఉత్తరంలో ఒత్తులు సరిగ్గా ఉన్నాయో లేదో చూడలేదు. రెండుసార్లు చదివాను, రెండుసార్లూ చూడలేదు. రా.

మీ అవ్వ,
రూతమ్మ.